జీపునకంటిన బురద

నల్లరేగడి దారులలో తిరిగివచ్చిన జీపునకు పైభాగము తళతళలాడునట్లు కడిగి, అడుగుభాగమును మరచువారే ఎక్కువ. నిజమునకు ప్రమాదమంతయు అచ్చటనే యున్నది.

రేగడిలోని మిక్కిలి సన్నని బంకకణములు తమ పొరల నడుమ నీటిని పట్టియుంచును. చట్రపు మూలలలో చిక్కిన ముద్ద పైకి ఎండినట్లున్నను లోపల తడిగానే యుండును. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట త్రుప్పు పుట్టునుగదా! అయితే ముద్ద క్రింద ప్రాణవాయువు తక్కువ, అంచుల వద్ద ఎక్కువ. ఈ భేదముచే చిన్న విద్యుద్ఘటము వంటిది ఏర్పడి, కంటికి కనబడని ఆ క్రింది ఇనుమే ముందుగా తినివేయబడును. సముద్రతీరమున తిరిగిన బండికి ఉప్పు తోడై ఈ పని మరింత త్వరపడును.

కావున బురద పచ్చిగా నుండగనే, ఇంజను చల్లారిన పిదప, అడుగుభాగమును నీటిధారతో కడుగవలెను. పొడిగుడ్డతో తుడువరాదు, మట్టిలోని ఇసుకరేణువులు గాజుకన్న గట్టివి, రంగును గీరివేయును. కడిగిన పిమ్మట బండిని మెల్లగా కొంతదూరము నడపి, తడిసిన బ్రేకులు సరిగా పట్టుచున్నవో లేవో చూచుకొనవలెను.