గోడలు లేని ఇళ్లు

పసిఫిక్ మహాసముద్రంలో హవాయికీ న్యూజిలాండ్‌కూ నడుమ, పాలినేషియా దీవుల్లో సమోవా అనే చిన్న దేశం ఉంది. జనాభా సుమారు రెండు లక్షలు. 2017లో రాజ్యాంగాన్ని సవరించి తనను క్రైస్తవ దేశంగా ప్రకటించుకుంది. అయితే అక్కడి విశ్వాసం ఎలాంటిదో తెలియాలంటే రాజ్యాంగం చదివితే చాలదు. సవాయీ దీవిలో ఏదైనా పల్లెకు వెళ్లి, పొద్దుగూకే వేళ అక్కడ ఉండాలి.

ఆ వేళకు ఎవరో శంఖం ఊదుతారు. లేదా చెట్టుకు వేలాడదీసిన ఖాళీ గ్యాస్ సిలిండర్ మీద ఇనుప ముక్కతో కొడతారు. మన పల్లె బడుల్లో రైలు పట్టా ముక్క గంటగా మోగేది చూడండి, అదే శబ్దం. లుంగీ వంటి లావాలావా కట్టిన యువకులు దారి పొడవునా నిలబడతారు. ఊరంతా ఆగిపోతుంది. దీన్ని ‘సా’ అంటారు. పవిత్రం అనీ, నిషిద్ధం అనీ ఆ మాటకు రెండర్థాలు. పది పదిహేను నిమిషాలు ప్రతి ఇంటా పాట, వాక్యం, ప్రార్థన. అతిథి కూడా ఎక్కడివాడక్కడ ఆగి కూర్చోవాలి. మాటిమాటికీ మీరేవారికి ఊరి పెద్దల సభ జరిమానా వేస్తుంది. అది డబ్బే కానక్కరలేదు. పందో, చేపల డబ్బాల పెట్టెలో ఇచ్చుకోవచ్చు.

ప్రతి ఇంట్లో ప్రార్థన జరుగుతోందని ఎలా తెలుస్తుంది? ఇళ్లకు గోడలుండవు గనుక. ‘ఫలే’ అనే ఆ సంప్రదాయ గృహం స్తంభాల మీద నిలిచిన పెద్ద పందిరిలా ఉంటుంది. వాన వస్తే కొబ్బరాకుల తడికలు దించుతారు. ఇప్పుడు సిమెంటు ఇళ్లు ఎక్కువవుతున్నా, పక్కన ఒక ఫలే ఉంచుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. అందులో కూర్చున్నప్పుడు పెద్దల వైపు కాళ్లు చాపకూడదు. వారి ముందునుంచి వెళ్లాల్సి వస్తే కాస్త వంగి ‘తులోవ్’ అని మన్నింపు అడగాలి. ఇవి మన అమ్మమ్మలు నేర్పినవే. చాలా ఇళ్ల ముంగిట్లోనే ఆ ఇంటి పెద్దల సమాధులుంటాయి. పిల్లలు వాటి చుట్టూ భయం లేకుండా ఆడుకుంటారు.

ఆదివారం తెల్లవారకముందే ఊరి మీద పొగ లేస్తుంది. కాల్చిన రాళ్ల మీద ‘ఉము’ అనే పొయ్యి పేర్చి, చామదుంపలు, సీమపనస కాయలు, చేపలు ఆకులు కప్పి ఉడికిస్తారు. లేత చామాకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన పొట్లాన్ని పలుసామి అంటారు. పేరు వింటే మన ఊళ్లో ఎవరో పెద్దాయన అనుకుంటాం! తెల్లబట్టలతో ఆరాధనకు వెళ్లి వచ్చాక కుటుంబమంతా కలిసి ఆ భోజనం చేస్తుంది.

ఈ విశ్వాసానికి మనతో చుట్టరికం ఉంది. 1805లో జార్జ్ క్రాన్‌ను, అగస్టస్ డెగ్రాంజెస్‌ను విశాఖపట్నం పంపిన లండన్ మిషనరీ సొసైటీయే జాన్ విలియమ్స్‌నూ పంపింది. 1830లో ఆయన సవాయీ దీవిలోని సపపాలీ గ్రామం చేరగా, మలియెటోవా అనే నాయకుడు చేర్చుకున్నాడు. విలియమ్స్ త్వరలోనే ఓడెక్కి వెళ్లిపోయాడు. ఉండిపోయి భాష నేర్చుకుని పనిచేసినవారు తహీతి, దాని చుట్టుపక్కల దీవుల నుంచి వచ్చిన బోధకులు. చరిత్ర పుస్తకాల్లో విలియమ్స్‌కు దొరికినంత చోటు వారికి దొరకలేదు. మన పల్లెల్లో కాలినడకన తిరిగిన ఉపదేశులకు, బైబిలు స్త్రీలకు మాత్రం ఎంత దొరికింది?

అక్కడ పాస్టరును ‘ఫెయంగాయింగ’ అంటారు. నిబంధన అని అర్థం. పూర్వం అది అక్కాచెల్లెళ్ల పట్ల సోదరుడికి ఉండే బాధ్యతను తెలిపే మాట. ఊరు తన ఆడపడుచును చూసుకున్నట్టు సేవకుణ్ణి పోషిస్తుంది. వినడానికి ఎంతో చక్కగా ఉంది. కానీ ఆరాధనలో ఏ కుటుంబం ఎంత ఇచ్చిందో పేరు పెట్టి చదివే ఆచారం అనేక సంఘాల్లో ఉంది. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో కూలి చేసే పిల్లలు పంపే డబ్బు అలా కానుకగా మారుతుంది. అప్పులు చేసేవారూ ఉన్నారు. విధవరాలి రెండు కాసులను మెచ్చుకున్న ప్రభువు ఆ జాబితా చదివించి ఉండేవాడని నేననుకోను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఊరి పెద్దల మాట కాదని వేరే సంఘం పెట్టుకున్నందుకు కొన్ని కుటుంబాలను వెలివేసిన సంఘటనలున్నాయి. వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. వెలి అంటే ఏమిటో తెలుగునాట మన సంఘాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. గోడలు లేని ఊరికీ ఒక పొలిమేర ఉంటుంది.

అయినా ఆ పల్లె దగ్గర మనం నేర్చుకోవలసిన ఆచారం ఒకటుంది. దాని పేరు ‘ఇఫోంగ’. క్రైస్తవ్యం రాకముందు నుంచీ ఉంది. ఒక కుటుంబంలోని మనిషి హత్యో, అలాంటి ఘోరమో చేస్తే, తెల్లవారుజామున ఆ కుటుంబ పెద్ద తన వారితో కలిసి బాధితుల ఇంటి ముందు నేల మీద కూర్చుంటాడు, తల మీదుగా ‘ఇయె తోంగ’ అనే చాప కప్పుకొని. మొగలి జాతి ఆకును సన్నగా చీల్చి నెలల తరబడి స్త్రీలు అల్లే ఆ చాప కుటుంబానికి ఆస్తి. పూర్వం కట్టెలు, రాళ్లు, ఆకులు కూడా తెచ్చేవారు. అవి పొయ్యి సామగ్రి. మమ్మల్ని కాల్చుకున్నా మీ ఇష్టమే అని దాని భావం.

తప్పు చేసినవాడు ఒకడు, తలవంచేది వాడి పెద్ద. ప్రాయశ్చిత్తం గురించి వేదాంత కళాశాలల్లో చదువుకున్నవారు ఈ దృశ్యం దగ్గర కాసేపు ఆగక తప్పదు. అయినా దీనితో నేరం మాసిపోదు. కోర్టు విచారణ దారి దానిదే, శిక్ష వేసేటప్పుడు ఇఫోంగను లెక్కలోకి తీసుకోవచ్చు. 2021 ఆగస్టు 1న ఆక్లాండ్‌లో నాటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ ఇలాగే చాప కింద కూర్చున్నారు. 1970లలో పసిఫిక్ దీవుల వలసదారుల ఇళ్లపై తెల్లవారుజామున పోలీసులు చేసిన దాడులకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు.

చాప కింద ఉన్నవారు మాట్లాడరు, వాదించరు, తమవాడి పక్షాన సాకులు చెప్పరు. బాధిత కుటుంబం లోపల కూర్చుని ఆలోచించుకుంటుంది. గోడలు లేవు కాబట్టి ఆ వంగిన తలలు వారి కళ్లెదుటే ఉంటాయి. ఎండ ఎక్కుతుంది. కోపం ఆగక బయటికొచ్చి కొట్టే హక్కు తమకుందని వారికి తెలుసు, చాప కింద ఉన్నవారికీ తెలుసు. ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు లేచి వెళ్లి చాప ఎత్తితే, అందరినీ లోపలికి పిలిచి కూర్చోబెడతారు. ఇరువైపుల పెద్దలు మాట్లాడతారు, కన్నీళ్లు పెట్టుకుంటారు, ప్రార్థన చేస్తారు. ఎవరూ లేవకపోతే, వచ్చినవారు ఆ చాప మడుచుకొని మౌనంగా ఇంటికి వెళ్లి, మళ్లీ రావలసిందే.