ఇరువదియొక్క యంకెల సంఖ్య



మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ఇబ్బడించుచు 67 గడులు నింపినచో మొత్తము 14,75,73,95,25,89,67,64,12,927 గింజలగును. ఈ రాశిని సమభాగములుగా పంచవచ్చునా?

ఇది ప్రధానసంఖ్య, అనగా ఒకటిచేతను తనచేతను తప్ప నిశ్శేషముగా భాగింపబడనిది, అని 1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి వ్రాసెను. ఉపపత్తి చూపలేదు. ఆ మాట రెండువందల యేండ్లకు పైగా నిలిచెను. 1876లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు అది తప్పని స్థాపించెను. విచిత్రమేమన, కారణాంకము నొక్కటియు నాతడు చూపలేదు! ప్రధానసంఖ్య తప్పక నెగ్గవలసిన యొక పరీక్షలో ఇది ఓడినదని మాత్రము తేల్చెను. నీరు తగ్గినచో కుండకు చిల్లి కలదని తెలియును. ఎచ్చట నున్నదో తెలియదు గదా.

వెదకుటయే కష్టము. దీని కారణాంకమేదైనను 134చే భాగింపగా 1 శేషింపవలెను. అయినను చిన్న కారణాంకమును చేరులోపల అట్టి సంఖ్యలు పదునాలుగు లక్షలకు పైగా కలవు. 1903 అక్టోబరులో న్యూయార్కు గణితసభలో కోల్ అను ఆచార్యుడు నల్లబల్లపై 19,37,07,721ని 7,61,83,82,57,287చే గుణించి చూపెను. లబ్ధము మన గింజల సంఖ్యయే. నోరు మెదపకయే చేసెనని ప్రతీతి.

మీరును తొమ్మిదులు తీసివేసి చూడుడు. మూడు సంఖ్యలయందును ఒకటే మిగులును. అంతమాత్రమున గుణకారము సరియని తేలదని బడిలో నేను పలుమాఱు చెప్పెడివాడను. కావున పలక తీసికొని పూర్తిగా గుణింపుడు. ఒక పూట చాలును.