పాత ఇంటికి కొత్త రంగులు – పసివాళ్లతో జాగ్రత్త

అమ్మాయి పురిటికి వస్తోంది. తాతగారు కట్టించిన మండువా లోగిలి. తలుపుల రంగు పెచ్చులు లేచిపోయింది. పిల్ల వచ్చేలోగా రంగులు వేయించాలనీ, అటక మీది పాత ఉయ్యాలను దింపించి, గీకించి తళతళలాడేలా చేయించాలనీ మీకు ఉంటుంది. సహజమే. కాని ఆ గీకించడం దగ్గరే కాస్త ఆగండి.

పాతకాలపు ఎనామిల్ రంగులలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చలలో, సీసం కలిపేవారు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరులోనే. అంతకు ముందరి పూతలన్నిటినీ అనుమానించవలసిందే. చెక్కను గట్టిగా అంటుకొని ఉన్నంతకాలం అంత భయం లేదు. పొడిగా ఉప్పుకాగితంతో రుద్దినప్పుడే ముప్పు. ఆ సన్నని దుమ్ము పందిరి మంచం నగిషీలలో, భోషాణం సందులలో, గోడ గడియారం వెనుక, గంగాళాలలో చేరుతుంది. రంగులు ఆరిపోయాక కూడా రాలుతూ ఉంటుంది. పాకే పిల్ల నేల మీద పెట్టిన చేతినే నోట్లో పెట్టుకుంటుంది కదా!

మింగిన సీసాన్ని పెద్దల కంటె పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చిరాకు కనిపించవచ్చు. ఒక్కొక్కసారి ఏ లక్షణమూ లేకుండానే మెదడు ఎదుగుదల దెబ్బ తింటుంది. అలా జరిగిన నష్టం మందులతో తిరిగి రాదు. తల్లి ఎముకలలో నిలవ ఉన్న సీసం గర్భంలోని బిడ్డకూ చేరుతుంది.

అందుచేత పని ముగిసి, ఇల్లు తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచాకే అమ్మాయిని తీసుకురండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది. సామాను వేరే గదికి చేర్చండి. కదలని వాటికి ప్లాస్టిక్ పట్టాలు చుట్టించండి. రంగు గట్టిగా ఉన్నచోట గీకకుండా పైనే కొత్త పూత వేయించండి. పెచ్చులున్న చోట నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దమనండి. మంటతో కాల్చి తీయనివ్వకండి, ఆ పొగ మరీ చెడ్డది. రాలిన పెచ్చులను పొయ్యిలో వేయకండి. మేస్త్రీకి ముక్కుకు కట్టిన తుండుగుడ్డ చాలదు, ఎన్-95 మాస్కు కొనివ్వండి. అతనికీ ఇంట్లో పిల్లలుంటారు.

గోడలకు వట్టి సున్నమైతే ఈ బెడద లేదు. కంట్లో పడితే మాత్రం నలపకుండా ఇరవై నిమిషాలు మంచినీళ్లతో కడిగి, వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇక ఉయ్యాల సంగతి. అమ్మమ్మ ఊగిన ఉయ్యాలను వద్దనడానికి నాకూ నోరు రాదు. బారసాల నాడు కొత్త దుప్పటి మందంగా పరిచి ఆ పూటకు పడుకోబెట్టండి. రోజూ పడుకోవడానికి మాత్రం అది వద్దు. పళ్లు వచ్చే పిల్ల ఉయ్యాల అంచు కొరక్క మానదు. ఇప్పటికే మీ ఇంట్లో గీకుడు జరిగి ఉంటే, పిల్లలకూ గర్భిణికీ రక్తంలో సీసం పరీక్ష చేయించమని మీ డాక్టరును అడగండి.