పరిగె ఏరితే దొరికిన వైరస్‌లు

కోత అయిపోయి కుప్ప కళ్లానికి చేరాక మన ఆడకూలీలు చేలో పరిగె ఏరుతారు. ఆసామి వదిలేసిన కంకులే వాళ్లకు ఓ పూట గింజలు. 2019లో కొందరు శాస్త్రజ్ఞులు చేసిందీ అచ్చం ఇదే పని.

వరికి అగ్గితెగులు తగిలితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆకుమీద నూలుకండె మచ్చలు, ఆపైన మెడవిరుపు. కౌలురైతుకు అప్పు, మందు కొట్టే కూలీకి కళ్లమంట, తలతిప్పు. ఈ తెగులు తెచ్చేది ఒక శిలీంధ్రం, అంటే బూజు జాతి. ఆ బూజుకీ జబ్బు చేస్తుంది, దానికీ వైరస్ పడుతుంది! ఇంగ్లండులో పెంపకపు పుట్టగొడుగుల్లో 1962లోనే ఈ సంగతి బయటపడింది.

కానీ వైరస్ పట్టిన బూజు చాలాసార్లు పైకి మామూలుగానే కనబడుతుంది. మరెట్లా పట్టుకోవడం? పరిశోధకులు తమ తమ పనులకోసం శిలీంధ్రంలోని ఆర్‌ఎన్‌ఏను అక్షరం అక్షరం చదివి కంప్యూటర్లలో దాస్తారు. శిలీంధ్రపు జన్యువులతో సరిపోలని ముక్కల్ని పక్కన పడేస్తారు. ఆ పడేసిన ముక్కల్నే 2019 బృందం ఏరి, అతికించి చూసింది. ఆర్‌ఎన్‌ఏ వైరస్ తన నకళ్లు తీసుకోవాలంటే ఒక ఎంజైము ఉండి తీరాలి. దాని ఆనవాలు పట్టుకుని వెతికితే 44 రకాల శిలీంధ్రాల్లో 59 వైరస్‌లు దొరికాయి. వాటిలో నూటికి 88 కొత్త జాతులే. 2022లో మరో బృందం అన్ని రకాల జీవులవీ కలిపి 57 లక్షల నమూనాలు గాలించి, లక్షకు పైగా కొత్త ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను తేల్చింది.

ప్రజల సొమ్ముతో నడిచే సమాచార గిడ్డంగులు అందరికీ తెరిచి ఉండబట్టే ఇది జరిగింది. చేనుకు కంచె వేస్తే పరిగె ఎక్కడిది? కంపెనీలు తాళం వేసుకున్న సమాచారంలో ఇంకా ఎన్ని ఉన్నాయో!

ఇక మన పైరుకు ఒరిగేదేమిటి? అమెరికాలో 1904లో కనబడ్డ ఒక బూజు తెగులు వందల కోట్ల చెస్ట్‌నట్ చెట్లను మట్టుబెట్టింది. యూరపులో మాత్రం ఆ బూజుకే వైరస్ పట్టి నీరసించింది, చాలా చెట్లు కోలుకున్నాయి. అదే వైరస్‌ను అమెరికాకు తీసుకుపోతే అంతగా పాకలేదు. రెండు బూజు పోగులు ఒకదాంతో ఒకటి కలిస్తేనే అది దాటుతుంది, వేరే రకం పోగును బూజు దగ్గరకు రానివ్వదు. కనుక ‘వైరస్ మందు’ అంటూ రేపు ఎవరైనా డబ్బా పట్టుకొస్తే తొందరపడి అప్పు చేయకండి. అగ్గితెగులు బూజును నీరసపరిచే వైరస్ కూడా ఉంది. వియత్నాం వరిచేల నుంచి తెచ్చిన బూజులో జపాన్ శాస్త్రజ్ఞులు దాన్ని గుర్తించి 2010లో ప్రకటించారు.