కంప్యూటర్లో మీ ఓ.పి. చీటీ

మన ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్‌లో భద్రపరచాలని రకరకాల సాఫ్ట్‌వేర్‌లు పరిశీలిస్తున్నాము. తెర ఎంత అందంగా ఉందో మాకు ముఖ్యం కాదు. పెన్సిలిన్ పడని రోగికి అదే మందు రాయబోతే డాక్టరుగారిని హెచ్చరిస్తుందా? ఒకే పేరున్న ఇద్దరు మరియమ్మలను వేరుగా చూపుతుందా? కరెంటు పోతే పని ఆగుతుందా? కంపెనీ మూతపడితే మీ వివరాలు మన చేతికి వస్తాయా? అమ్మేవారు ఈ చివరి ప్రశ్న దగ్గరే కాస్త తడబడతారు!

చూస్తున్నవాటిలో బహ్మ్నీ ఒకటి. 2004లో మొదలైన ఓపెన్ ఎం.ఆర్.ఎస్. ఆధారంగా తయారై, ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామీణ ఆసుపత్రిలో తొలుత వాడారు. లైసెన్సు ఉచితమే గాని సర్వరు, బ్యాటరీలు, సిబ్బంది శిక్షణ ఖర్చు మనదే.

అంతవరకు పాత చీటీలు పారేయకండి. మీకు పడని మందు పేరు వాటిపై పెద్ద అక్షరాలతో రాయించుకోండి.