సర్కారుల సీమలో పరదేశుల పోరు

ఉత్తర అమెరికాలో ఒహాయో నదీలోయకై ఇంగ్లీషు, ఫ్రెంచి వలసదారులు 1754లో యుద్ధమునకు దిగి, అచ్చటి ఆదివాసి తెగలను చెరియొక పక్షమునకు చేర్చుకొని పోరిన కాలముననే, ఆ రెండు జాతుల వర్తక కంపెనీలు మన తెలుగుసీమ జమీందారులను ముందునిడికొని అట్టి కలహమునే ఇచ్చట సాగించెను.

హైదరాబాదు ప్రభువు సలాబతు జంగు 1753లో, తన్ను కాచుచున్న ఫ్రెంచి సేన జీతములకై ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను సేనాని బుస్సీకి వ్రాసియిచ్చెను. విజయనగర ప్రభువు విజయరామరాజు బుస్సీ ప్రాపున తన చిరకాల వైరియగు బొబ్బిలి రంగారావుపై దండెత్తగా, 1757 జనవరి 24న ఆ కోట కూలెను. స్త్రీలును పసివారును శత్రువుల చేజిక్కరాదని కోటలోనివారే వారిని హతమార్చి, తామును పోరాడి మడిసిరి. కొలది దినములలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపయ్య రాత్రివేళ గుడారమున జొచ్చి విజయరామరాజును పొడిచి చంపెను. ఇరుపక్షముల తెలుగు కుటుంబములు ఇట్లు నాశనము కాగా, బుస్సీకి మాత్రము ఒక కోట స్వాధీనమయ్యెను. ఈ కథను బొబ్బిలి పౌరుషముగా మాత్రమే చెప్పుకొనుట చాలదని నా నమ్మకము. ఆ పౌరుషమును ఎవరు తమ పనికి వాడుకొనిరో కూడ పిల్లలకు చెప్పవలెను.

విజయరామరాజు తరువాత విజయనగర రాజ్యమునకు వచ్చిన ఆనంద గజపతి బుస్సీపై కినిసి, విశాఖపట్టణమునుండి ఫ్రెంచివారిని వెడలగొట్టి, బంగాళములోని ఇంగ్లీషు కంపెనీ నాయకుడు క్లైవుకు కబురంపెను. సుమారు 500 మంది తెల్లవారితోను, 2,000 మంది సిపాయిలతోను కర్నలు ఫోర్డు ఓడలపై వచ్చెను. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి యొద్ద ఇరుసేనలు తలపడినవి. తెల్లదళము ఏపుగా ఎదిగిన చేని చాటున మరుగుపడగా, ఎఱ్ఱ చొక్కాలు తొడిగిన సిపాయిలనే ఇంగ్లీషువారని భ్రమించి ఫ్రెంచివారు వారిపై విరుచుకుపడిరి. సిపాయిలు తొలి దెబ్బ తిని వెనుదిరిగిరి. వారిని తఱుముచు వరుస చెదరిన ఫ్రెంచిసేనను, చేని చాటునుండి వెలువడిన ఇంగ్లీషుదళము చీల్చివైచెను. ఫ్రెంచి నాయకుడు కాన్‌ఫ్లాన్ రాజమహేంద్రవరమునకు పరుగిడెను.

గజపతి ఇయ్యవలసిన సొమ్ము సకాలమున అందక, ఫ్రెంచివారి బందరు కోట ముట్టడిలో జీతములు లేని సోల్జర్లే తిరుగబడిరి. అయినను 1759 ఏప్రిలులో ఒక రాత్రి ఫోర్డు దాడిచేసి, బురదనేల నడుమనున్న ఆ కోటను పట్టుకొనెను. ఫ్రెంచివారికి తోడ్పడ వచ్చిన సలాబతు జంగు, కోట పడినదని విని మనసు మార్చుకొని, మే నెలలో బందరు ప్రాంతమును ఇంగ్లీషువారికే ఒప్పగించెను.

1766లో హైదరాబాదు నిజాముతో జరిగిన సంధితో కొండపల్లి, ఏలూరు సీమలు ఇంగ్లీషు కంపెనీకి పోగా, వానిని ఆనుకొనియున్న వేంసూరు ప్రాంతము నిజామునకు మిగిలెను. ఇరుగుపొరుగు ఊళ్లను వేరుచేసిన ఆ ఎల్ల 1956 వరకు చెరగలేదు.