హతసాక్షుల లెక్క: రోము నుంచి కంభం దాకా

శ్రమల దినాల్లో నంద్యాల, జమ్మలమడుగు వైపు కూడికలకు పోతే తరచూ వినబడే మాట ఒకటుంది: రోము చక్రవర్తులు మూడు వందల ఏండ్లు క్రైస్తవులను సింహాలకు వేశారు, యోహాను తప్ప అపొస్తలులంతా హతసాక్షులే, ఆ నెత్తుటి నుంచే సంఘం మొలిచింది. చర్చి బయట వినబడే మాట ఇంకోటి: ఈ సీమలో మారినవాళ్లంతా కరువులో గంజి కోసం మారినవాళ్లే. చరిత్ర ముందు రెండూ నిలవవు.

అపోహ: మూడు వందల ఏండ్లు హింస ఎడతెరిపి లేకుండా సాగింది.

వాస్తవం: క్రీ.శ. 64లో రోము తగలబడ్డాక నీరో ఆ నేరాన్ని క్రైస్తవుల మీదికి తోసి, ఘోరంగా చంపించాడు. కానీ అది ఆ ఒక్క నగరంలో జరిగింది. 112 ప్రాంతంలో ప్లినీ అనే గవర్నరు వీళ్లనేం చేయమంటారని ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. వాళ్ల కోసం వెతకొద్దు, ఫిర్యాదు వచ్చి రుజువైతేనే శిక్షించు, ఆకాశరామన్న ఉత్తరాలు లెక్కచేయొద్దు అని జవాబొచ్చింది. సామ్రాజ్యమంతటా దెబ్బ పడింది ముఖ్యంగా 250లో డెసియస్ కాలంలో, తర్వాత 303లో డయోక్లీషియన్ కాలంలో. 311లో గలేరియస్ దాన్ని ఆపాడు. నడుమ దశాబ్దాల తరబడి ప్రశాంతంగా గడిచిన కాలాలున్నాయి. ఓరిజెన్ తండ్రిని విశ్వాసం కోసమే చంపారు. ఆ కొడుకే 248 ప్రాంతంలో, అలా చనిపోయినవాళ్లు కొద్దిమందేనని, సులువుగా లెక్కపెట్టొచ్చని రాశాడు. ఇంట్లో చావు చూసినవాడి మాట కాబట్టి దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక రోము క్రైస్తవులు సొరంగాల్లో దాక్కున్నారన్న కథ సినిమాలది. అవి సమాధుల కోసం తవ్వినవి.

అపోహ: అపొస్తలులు ఎలా చనిపోయారో బైబిల్లోనే ఉంది.

వాస్తవం: పన్నెండుమందిలో హతసాక్షిగా కొత్త నిబంధన చెప్పేది జెబెదయి కుమారుడు యాకోబు ఒక్కడినే. హేరోదు అతన్ని కత్తితో చంపించాడు. రాళ్ల దెబ్బలకు చనిపోయిన స్తెఫను పన్నెండుమందిలో లేడు. పేతురు, పౌలు బాధలు పడి మరణించారని మొదటి శతాబ్దం చివర రోము సంఘం కొరింథుకు రాసిన లేఖ సూచిస్తుంది. మిగతావి చాలావరకు తర్వాతి కాలపు కథలు. మనవాళ్లు రైలెక్కి చూసొచ్చే చెన్నై తోమా సంగతే చూడండి. మూడో శతాబ్దపు ‘తోమా కార్యములు’లో రాజు మనుషులు బల్లేలతో పొడిచి చంపుతారు, మైలాపూరు పేరే ఉండదు. పదమూడో శతాబ్దం చివర ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో విన్న కథలో, నెమళ్ల వేటగాడి బాణం పొరపాటున తగిలి తోమా చనిపోయాడు!

అపోహ: నెత్తురు చిందితేనే సంఘం పెరుగుతుంది.

వాస్తవం: ఈ మాటకు మూలపురుషుడు కార్తేజీ రచయిత టెర్టులియన్. అయితే 250ల నాటి మహమ్మారిలో అలెగ్జాండ్రియా బిషప్ దియొనీసియస్ ఇంకో సంగతి రాశాడు: రోగులకు సేవ చేస్తూ ఆ రోగంతోనే పోయినవాళ్ల చావు హతసాక్షుల చావుకు తక్కువేమీ కాదని.

ఇక మన సీమ. లండన్ మిషన్ తరఫున హోవెల్ 1822లో కడపలో పని మొదలుపెట్టాడు. 1832 అల్లర్లలో ఆ ఊళ్లో చంపబడిన దొర సబ్ కలెక్టరు మెక్‌డొనాల్డ్, మిషనరీ కాదు. మసీదు అపవిత్రమైందన్న కోపం దానికి కారణం. ముత్యాలపాడు మిషన్ 1850ల్లోనే వెలిసింది, అంటే 1876–78 పెద్ద కరువుకు ఇరవై ఏండ్ల ముందు.

ఒంగోలు బాప్టిస్టు మిషన్ తర్వాత అప్పటి కర్నూలు జిల్లాలోని కంభం, మార్కాపురం దాకా పాకింది. మాదిగలకు ఆ మిషన్ దొర జాన్ క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవే. కానీ చచ్చిన గొడ్డును ఈడ్చడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజు వెట్టికి పోవడం మాదిగల మీద మోపిన ఊరి కట్టుబాటు. ఒంగోలు చుట్టుపక్కల పెత్తందార్లు కత్తి తీయలేదు. వీళ్ల బట్టలు ఉతకొద్దని చాకలికి, కుండలు అమ్మొద్దని కుమ్మరికి చెప్పారు. గొడ్లను ఊరి బీడులోంచి తోలేశారు. చెప్పులు, మోకులు కుట్టే పని ఆపారు. కోతలకు పిలవలేదు, అంటే ఏడాది గింజలు పోయినట్టే. ఈ సీమ సంఘాల చరిత్ర రాసేవాళ్లు రోము కాలపు హతసాక్షి పోలికార్పు పక్కన ఈ లెక్క కూడా రాయాలి.

అపోహ: గంజి పోసి బాప్తిస్మం ఇచ్చారు.

వాస్తవం: 1876–78 ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. కానీ ఆ పని జరిగినన్నాళ్లూ, ఎంతమంది అడిగినా, పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాకే మళ్లీ మొదలుపెట్టాడు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మలోనే, వెల్లంపల్లి దగ్గర, 1878 జులై 3న ఒక్కరోజు 2,222 మంది నీళ్లలో దిగారు. కరువుకూ దీనికీ సంబంధం లేదనను. కష్టంలో ఎవరు నిలబడ్డారో జనం చూశారు, గుర్తుపెట్టుకున్నారు.

అపోహ: రోము కాలపు విశ్వాసులెవరూ వెనక్కి తగ్గలేదు.

వాస్తవం: ప్రతి ఒక్కరూ దేవతలకు బలి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవాలన్నది డెసియస్ ఆజ్ఞ. అలాంటివి ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఒకదాంట్లో డయోజెనీస్ అనే మనిషి వయసు 72, కుడి కనుబొమ్మ మీద మచ్చ అని రాసుంది, మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చల వరసలాగే. క్రైస్తవుల్లో చాలామంది బలి ఇచ్చారు, కొందరు డబ్బులిచ్చి కాయితం మాత్రం కొనుక్కున్నారు. వీళ్లను ఏం చేయాలో తెలియక కార్తేజీ బిషప్ సిప్రియన్ తల పట్టుకున్నాడు. కాయితం కొన్నవాళ్లను ప్రాయశ్చిత్తంతో చేర్చుకోవచ్చని 251లో అక్కడి బిషప్పుల సభ తేల్చింది.

మన దగ్గర చక్రవర్తి లేడు, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన మాల, మాదిగ ఇంటి పిల్లవాడు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి, వాటా ఒక శాతం. అందుకే కర్నూలు, కడప పల్లెల్లో ఆదివారం ఆరాధనలో ఒక పేరు, తహసీల్దారు ఇచ్చే కాయితంలో ఇంకో పేరు ఉన్న ఇండ్లు కనబడతాయి.